మేడమ్‌ని అడగండి: ముందు ఆ నోట్‌బుక్ దగ్గర కూర్చోండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ప్రాజెక్టుల గురించే. ఎండాకాలం వచ్చిందంటే కాలేజీలు పిల్లల్ని ఊళ్ల మీదికి వదులుతాయి. ఆంధ్రలో అయితే దానికి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని పేరు కూడా పెట్టారు. ఇరవై ఆరేళ్లు డేటాబేస్ పాఠం చెప్పి, రిటైరై, పెరట్లో మునగచెట్టుకి గొంగళిపురుగులు ఏరుకుంటున్న నాకు ఈ ఉత్తరాలు చదువుతుంటే మళ్లీ చాక్‌పీస్ పట్టుకోవాలనిపించింది. అందుకే ఈసారి మొదటి ప్రశ్నకి చోటు ఎక్కువ ఇచ్చాను. మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. నేను బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా టీమ్‌లో నలుగురం. మా టౌన్‌లో కుర్రాళ్లు నడిపే రక్తదాతల సంఘం ఒకటి ఉంది. దాతల పేర్లు రెండు లాంగ్ నోట్‌బుక్కుల్లో, మూడు వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నాయి. సంఘం నడిపే అన్న "మాకో యాప్ చేసిపెట్టండమ్మా" అన్నారు. మా గైడ్ సారేమో రెండు వారాల్లో ఈఆర్ డయాగ్రమ్ (ఏ వివరాలు దాచాలో, వాటి మధ్య సంబంధాలేమిటో చూపే బొమ్మ) తెమ్మంటున్నారు. టీమ్‌లో ఒకబ్బాయి అప్పుడే లాగిన్ పేజీ మొదలుపెట్టేశాడు, రంగులు కూడా వేశాడు. ఇంకో ఇద్దరు ఫోన్ ఎత్తరు. లీడర్‌గా నన్ను పెట్టారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
ఒక విద్యార్థిని, నరసరావుపేట

జవాబు: అమ్మా, ముందు ఆ లాగిన్ పేజీ అబ్బాయిని ఆపు. కోప్పడొద్దు, రంగులు బాగున్నాయనే చెప్పు. లోపలికి వచ్చేదెవరో తేలకుండా లాగిన్ పేజీ చేయడమంటే, ఇల్లు ఎవరిదో తెలియకుండా గుమ్మానికి తోరణం కట్టడమే. ఆ పేజీ నెల తర్వాత పనికి రావచ్చు. అసలు పనికి రాకపోయినా ఆశ్చర్యం లేదు.

ఆ అన్న "యాప్" అన్నాడని ఆ మాట పట్టుకుని వేలాడకండి. ఇప్పుడు కంప్యూటర్‌తో చేసే పని ఏదైనా జనానికి యాపే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అందరూ "కంప్యూటరైజ్ చేయాలి" అనేవాళ్లు, తర్వాత కొన్నాళ్లు "వెబ్‌సైట్ కావాలి" అన్నారు. అందుకని "మీకేం కావాలన్నా?" అని అడగొద్దు. అడిగితే ఈమధ్య ఫోన్‌లో ఏది చూశాడో అదే చెప్తాడు. "నిన్న రాత్రి ఎవరికి రక్తం కావాల్సి వచ్చింది? మీరేం చేశారు?" అని అడగండి. అలా వెనక్కి వెళ్తూ పది ఫోన్ కాల్స్ కథలు చెప్పించుకోండి. ఇద్దరు వెళ్తే మంచిది, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు రాసుకోవచ్చు. ల్యాప్‌టాప్ తెరవకండి. ల్యాప్‌టాప్ తెరిస్తే మనుషులు సర్దుకుని కూర్చుని మర్యాదగా అబద్ధాలు చెప్తారు.

నేనూ ఇలాంటి సంఘానికి ఒకసారి రాత్రి పదకొండున్నరకి ఫోన్ చేసినదాన్నే. మా ఆడపడుచుకి ఆపరేషన్. అవతలి కుర్రాడు నాలుగే అడిగాడు: ఏ ఆస్పత్రి, ఏ గ్రూపు, ఎన్ని యూనిట్లు, ఎప్పటికల్లా. అరగంటలో ఒకతను స్కూటర్ మీద వచ్చాడు. తర్వాత థాంక్స్ చెప్పడానికి వెళ్లి, పాఠాలు చెప్పిన నోరు ఊరుకోక, "బాబూ, అంతమందిలో ఆ ఒక్కడినే ఎలా పట్టుకున్నావ్?" అని అడిగాను. నోట్‌బుక్ తియ్యనే లేదట. ముగ్గురికి ఫోన్ చేశాడట. మొదటివాడు ఎత్తలేదు. రెండోవాడు పెళ్లికని విజయవాడ వెళ్లాడు. మూడోవాడి ఇల్లు ఆస్పత్రి వెనక వీధిలోనే. ఆ ముగ్గురినే ఎందుకు ఎంచుకున్నాడు, ఆ వరసలోనే ఎందుకు చేశాడు? మీ ప్రాజెక్టు అంతా ఆ ప్రశ్నలో ఉంది. రాత్రిపూట ఎవరు లేస్తారు, ఎవరిల్లు దగ్గర, ఎవరు ఇచ్చి ఎన్నాళ్లయింది, ఇదంతా అతని బుర్రలో ఉంది. రేపు అతనికి హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తే సంఘం సగం అతనితోపాటే బస్సెక్కేస్తుంది.

పది కథలూ అయ్యాక నోట్‌బుక్ చూపించమనండి. ఒక్క పేజీ చాలు. అందులో ఇలాంటి వరస ఒకటి ఉంటుందని పందెం కాస్తాను:

"17. శ్రీను (మెకానిక్). ఓ పాజిటివ్. ఒక ఫోన్ నంబరు, దాన్ని కొట్టేసి పైన ఇంకో నంబరు. శివరాత్రికి ఇచ్చాడు. రాత్రయితే వాళ్లన్నకి చెయ్యాలి."

ఈ ఒక్క వరసని నలుగురూ కలిసి గంటసేపు చూడండి. బ్రాకెట్‌లో మెకానిక్ అని ఎందుకుంది? పాల బూత్ శ్రీను ఇంకొకడు ఉన్నాడు కాబట్టి. అంటే పేరుని బట్టి మనిషిని పట్టుకోలేం. పోనీ ఫోన్ నంబరా? అది అప్పుడే ఒకసారి మారింది. పైగా అన్నదమ్ములిద్దరికీ ఇంట్లో ఒకటే నంబరు ఉండొచ్చు. కాబట్టి ప్రతి దాతకీ ఎన్నటికీ మారని నంబరు మీరే ఇవ్వండి, అదే ప్రైమరీ కీ. ఫోన్ నంబర్లకి వేరే టేబుల్ (గళ్ల పట్టిక) పెట్టండి. ఒక మనిషికి ఎన్ని నంబర్లయినా ఉండొచ్చు, పక్కన "ఎవరిది", "ఏ వేళ చెయ్యాలి" అని రెండు కాలమ్స్. నంబర్ అన్నాం కదా అని అంకెల టైపు ఇవ్వకండి. ఫోన్ నంబర్లని ఎవరూ కూడరు, తీసివేయరు. అంకెగా దాస్తే ల్యాండ్‌లైన్ ముందున్న సున్నా ఎగిరిపోతుంది.

"శివరాత్రికి ఇచ్చాడు" అన్నది నోట్‌బుక్ రాసినాయన దృష్టిలో తేదీయే. ఏ శివరాత్రో అడిగి తెలుసుకోండి. కానీ ఇక్కడే చాలా టీములు ఒక తప్పు చేస్తాయి. దాతల టేబుల్‌లోనే "చివరిసారి ఇచ్చిన తేదీ" అని ఒక కాలమ్ పెట్టి, కొత్తగా ఇచ్చినప్పుడల్లా పాతది చెరిపేస్తాయి. అలా చేస్తే ఏడాది తర్వాత సంఘం వాళ్లు "మనవాడు ఎన్నిసార్లు ఇచ్చాడు, పదోసారి అయితే శాలువా కప్పుదాం" అంటే మీ దగ్గర జవాబుండదు. దానాలకి వేరే టేబుల్ పెట్టండి: ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ పిలుపు మీద. చివరి తేదీని అందులోంచి క్వెరీతో, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్నతో, తీసుకోండి.

దానికి చెల్లెలు లాంటి తప్పు ఇంకొకటి, "అర్హత ఉందా: అవును / కాదు" అనే కాలమ్. మన దేశంలో ఇప్పుడున్న నిబంధన ప్రకారం ఒకసారి రక్తం ఇచ్చాక మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. ఇవాళ మీరు "కాదు" అని రాసిపెట్టింది, తొంభై రోజులు నిండిన పొద్దున ఎవరూ ముట్టుకోకుండానే అబద్ధం అయిపోతుంది. తేదీ దాచండి, అర్హత లెక్కగట్టండి. ఆ 90, 120 అంకెల్ని కూడా కోడ్‌లో ఇరవై చోట్ల కొట్టకండి, ఒక్క చోట పెట్టండి. ఇంతకుముందు అందరికీ మూడు నెలలే ఉండేది, ఇది మళ్లీ మారదని ఎవరు చెప్పొచ్చారు? వయసూ అంతే, 18 నుంచి 65 అని నిబంధన. వయసు రాస్తే ఏటా పాతబడుతుంది, పుట్టిన సంవత్సరం రాస్తే పాతబడదు. బరువు 45 కిలోలు ఉండాలి కానీ ఆ కాలమ్ మీకెందుకు? బ్లడ్ బ్యాంకు వాళ్లు ఎలాగూ తూచే తీసుకుంటారు.

గ్రూపు సంగతి. నోట్‌బుక్‌లో ఓ పాజిటివ్‌ని ఎన్ని రకాలుగా రాశారో లెక్కపెట్టండి, సరదాగా ఉంటుంది. ఓ పాజిటివ్, ఓ పాజి, ఓ ప్లస్, ఓ అక్షరం బదులు సున్నా వేసి 0+. టైప్ చేసే పెట్టె ఇచ్చారంటే ఈ నాలుగూ నాలుగు గ్రూపులైపోతాయి, అర్ధరాత్రి వెతికితే మూడొంతుల మంది కనపడరు. ఎనిమిది గ్రూపులతో ఒక జాబితా ఇచ్చి ఎంచుకోమనండి. తొమ్మిదోది "తెలియదు". సిగ్గుపడకుండా పెట్టండి, లేకపోతే తెలియనివాళ్లందరూ ఓ పాజిటివ్ అయిపోతారు. పదోది బాంబే గ్రూపు. 1952లో బొంబాయిలో మొదట గుర్తించారు. మామూలు పరీక్షలో ఓ గ్రూపులాగే కనిపిస్తుంది, కానీ ఆ మనిషికి ఓ రక్తం కూడా సరిపడదు. అలాంటి దాత మీ నోట్‌బుక్‌లో ఒక్కరు ఉన్నా వాళ్ల వివరం ఓ గ్రూపులో కలిసిపోకూడదు.

ఇక చివరి ముక్క, "రాత్రయితే వాళ్లన్నకి చెయ్యాలి". దీన్ని మీ వాళ్లు రిమార్క్స్ అని ఒక కాలమ్‌లో పడేస్తారు, లేదా మొత్తానికి వదిలేస్తారు. వదిలేస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు.

2004లో ఒక చేనేత సహకార సంఘానికి మా పిల్లలు ఐదుగురు ప్రాజెక్టు చేశారు, గైడ్‌ని నేను. విజువల్ బేసిక్‌లో ఫారాలు, వెనకాల యాక్సెస్ డేటాబేస్. సంఘం రిజిస్టర్‌లో సభ్యుడి నంబరు, పేరు, ఇచ్చిన నూలు, తెచ్చిన చీరలు, మజూరీ ఉండేవి. కొన్ని వరసల్లో మజూరీ పక్కన చిన్నగా "కో" అని రాసుండేది. గుమాస్తా గారు కలం పరీక్షించుకున్నారేమో అనుకున్నాం. ఆ "కో" ఏమిటని ఐదుగురు పిల్లలూ అడగలేదు, నేనూ అడగలేదు. మొదటి బట్వాడా రోజున తెలిసింది. కో అంటే కోడలు. సభ్యత్వం మామగారి పేరున ఉంటుంది, రెండో మగ్గం మీద కోడలు నేస్తుంది, ఆ చీరల మజూరీ ఆవిడ చేతికే ఇవ్వాలని గుమాస్తా గారి ఏర్పాటు. మా ప్రోగ్రామ్ మాత్రం సభ్యుడి నంబరు మీద ఉన్నదంతా బుద్ధిగా కూడి మొత్తం మామగారి పేరున చీటీ అచ్చు కొట్టింది. ఆయన తీసుకుని చక్కా పోయాడు. ఆవిడ చంటిపిల్లని ఎత్తుకుని సంఘం ఆఫీసు మెట్ల మీద కూర్చుంది, సాయంత్రం దాకా లేవలేదు. ఆ మర్నాడే గుమాస్తా గారు కంప్యూటర్ మీద పాత దుప్పటి కప్పి రిజిస్టర్ తీశారు. మూడు నెలల తర్వాత నేను వెళ్తే ఆ దుప్పటి మీద నూలు చిలపలు పెట్టుకుంటున్నారు.

మజూరీ సభ్యుడిది కాదు, నేసిన మనిషిది. సభ్యుడికీ చీరకీ మధ్య "మగ్గం" అని ఇంకో టేబుల్ ఉండాల్సింది. మా ఈఆర్ డయాగ్రమ్‌కి ఆ ఏడాది ఇరవైకి పంతొమ్మిది మార్కులు వేశాను నేనే. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. అందుకని నోట్‌బుక్‌లో అంచుల్లో, బ్రాకెట్లలో, కొట్టివేతల పైన ఉన్న ప్రతి గీతా ఏమిటో అడగండి. గళ్లలో ఉన్నది ఎవరైనా చూసి రాసుకుంటారు.

మీ టేబుల్స్ దాదాపుగా ఇలా తేలతాయని నా అంచనా: దాత, ఫోన్, దానం, పిలుపు, ఎవరికి ఫోన్ చేస్తే ఏమన్నారు. ఆ చివరిదాన్ని మర్చిపోకండి. "ఎత్తలేదు", "ఊళ్లో లేడు", "వస్తానన్నాడు, రాలేదు" అన్నవి ఆరు నెలలు పోగయితే ఆ అన్న బుర్రలో ఉన్నదాంట్లో సగం మీ చేతికొచ్చినట్టే. గైడ్ సార్ అడిగిన బొమ్మ అప్పుడు గీయండి, గంటలో అయిపోతుంది. ఆ బొమ్మని చేతిరాత కాగితంగానే ఆ అన్నకి చూపించి, "ఇది మీ నోట్‌బుక్, ఇది మీ రాత్రి ఫోన్" అని వేలు పెట్టి చెప్పండి. పీటర్ చెన్ 1976లో ఆ పద్ధతి పెట్టింది డేటా గురించి మాట్లాడుకోవడానికి, మనం దాన్ని వైవాలో గీసే ముగ్గు చేసుకున్నాం.

రాయకూడనివి కూడా చెప్తాను. ఆధార్ నంబరు వద్దు, కులం వద్దు. ఎవరైనా ఇక ఇవ్వలేరంటే "పిలవొద్దు" అని రాయండి చాలు, ఏ జబ్బు వల్లో రాయొద్దు. మాకు తెలిసినమ్మాయి ఒకతె కాలేజీ క్యాంపులో రక్తం ఇస్తే, ఆ లిస్టు ఎవరో వాట్సాప్‌లో తిప్పారు. వారం రోజులు ముక్కూమొహం తెలియనివాళ్ల దగ్గర్నుంచి గుడ్ మార్నింగులు. ఆ అమ్మాయి మళ్లీ ఇవ్వలేదు. కాబట్టి వెతికినవాళ్లకి మొత్తం జాబితా కనపడకూడదు. పిలుపు నడిపే ఇద్దరు ముగ్గురికే నంబర్లు కనపడాలి. ఇదిగో, మీ లాగిన్ పేజీకి పని ఇప్పుడు పడింది. దాతల్ని ఒక్కొక్కరినీ అడిగి, సరేనన్నవాళ్ల పేర్లే ఎక్కించండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా అనుమతి అడగమనే అంటుంది. కోడ్‌ని నలుగురికీ కనపడేలా గిట్‌హబ్ సైట్‌లో పెట్టే ముందు నమూనాకని ఎక్కించిన నంబర్లు నిజమైనవి కాకుండా చూసుకోండి. నోట్‌బుక్ పేజీ ఫొటో పొరపాటున ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఉండిపోయిన సందర్భం నేను కళ్లారా చూశాను.

రెండో మీటింగ్‌లో ఒక పేజీ కాగితం రాయించండి, తెలుగులో. ఏం చేస్తాం, ఏం చేయం, ఎప్పటికి ఇస్తాం, సంఘం తరఫున అవునూ కాదూ చెప్పేది ఎవరు. ఈ చివరిది ఒక్కరే అయి ఉండాలి. ముగ్గురు అన్నలుంటే మూడు యాప్‌లు అడుగుతారు. మీరు పాసై వెళ్లాక దీన్ని చూసేదెవరో కూడా అందులోనే రాయండి. ఆ గడి ఖాళీగా ఉంటే పెద్దది కట్టొద్దు. దాతలు రెండు మూడు వందల మందే అయితే ఒకే ఫైలులో ఇమిడే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ధారాళంగా సరిపోతుంది. 2000 నుంచీ ఉన్నదే, మీ ఫోన్‌లో వాట్సాప్ మెసేజీలు దాచుకునేది కూడా దాంట్లోనే. సర్వర్ అద్దె ఎవరు కడతారన్న గొడవా ఉండదు.

ఫోన్ ఎత్తని ఆ ఇద్దరికీ పనిని నోటితో చెప్పకు, మనిషికొక్కటి ఇవ్వు. ఒకరికి నోట్‌బుక్ ఎక్కించే పని: రోజుకి ముప్ఫై పేర్లు, అనుమానం ఉన్నచోట అన్నని అడగాలి. ఇంకొకరిని నీతోపాటు ఆ సంఘం దగ్గరికి తీసుకెళ్లు. నిజంగా ఒక రాత్రి ఫోన్ వస్తే ఎలా ఉంటుందో ఒకసారి చూసిన పిల్లలు తర్వాత ఎత్తుతారు. అప్పటికీ ఎత్తకపోతే గైడ్‌కి ఇప్పుడే చెప్పు, ఆఖరి వారంలో చెప్తే చాడీలా ఉంటుంది.

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయంలో రెండు వేలకు పైగా పుస్తకాలున్నాయి. జాబితా కంప్యూటర్‌లో ఎక్కించే ప్రాజెక్టు తీసుకున్నాం. కాలేజీ ల్యాబ్‌లోని ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లో నాలుగు వందల పేర్లు తెలుగులో ఎక్కించాక తెరిచి చూస్తే అన్నీ ప్రశ్నార్థకాలే. పోయినట్టేనా?
ముగ్గురు విద్యార్థులు, చీరాల

జవాబు: పోయినట్టే నాయనా. ప్రశ్నార్థకంగా మారిన అక్షరం వెనక్కి రాదు. ఆ సర్వర్ వాడే పాత కోడ్‌పేజీల్లో, అంటే అక్షరాలకి అంకెలిచ్చే పట్టికల్లో, తెలుగుకి చోటు లేదు. అన్ని భాషలకీ కలిపి చేసిన యూనికోడ్‌లోనే ఉంది. మీరు కాలమ్ టైపు వార్‌చార్ అని ఇచ్చి ఉంటారు, ఎన్‌వార్‌చార్ ఇవ్వాలి. అది మార్చినా ఇంకో గొయ్యి ఉంది: క్వెరీలో పేరు రాసేటప్పుడు కొటేషన్ గుర్తుకి ముందు ఎన్ అక్షరం పెట్టకపోతే మళ్లీ ప్రశ్నార్థకాలే. ఇకనుంచి ఏ డేటాబేస్ అయినా సరే, ఒక్క తెలుగు పేరు ఎక్కించి, మూసి, మళ్లీ తెరిచి చూసుకున్నాకే రెండోది ఎక్కించండి.

ఇంకో చిక్కు కూడా ముందే చెప్తాను. "మాస్టర్‌గారు" అని రాసేటప్పుడు ర్ తర్వాత కొందరి కీబోర్డు కంటికి కనపడని అక్షరం ఒకటి వేస్తుంది, పొల్లు విడిగా నిలవడానికి. ఇంకొకరి కీబోర్డు వెయ్యదు. వెతికే పెట్టెకి ఆ రెండూ వేరువేరు మాటలు. ఎక్కించేటప్పుడే దాన్ని తీసేసిన రూపం ఒకటి వెతకడానికని పక్కన దాచుకోండి.

పుస్తకం వేరు, ప్రతి వేరు. ఒకే నవల మూడు ప్రతులుంటే పేరు ఒకసారి రాయాలి, ప్రతులు మూడు వరసలు. పాఠకుడు పట్టుకెళ్లేది ప్రతిని. దానికి నంబరు మీరు కొత్తగా కనిపెట్టక్కర్లేదు, మొదటి పేజీలో సిరాతో రాసున్న యాక్సెషన్ నంబరే ఉంది. మీ పక్కనే వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం ఉంది కదా, ఒక పూట వెళ్లి అక్కడ పుస్తకం ఎలా వెతికి ఇస్తారో చూసి రండి.

అసలు ప్రశ్న మీరు అడగలేదు, నేనే వేస్తాను: ఇది మీరు కొత్తగా కట్టాలా? కోహా అని ఉచితంగా దొరికే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ ఉంది. న్యూజిలాండ్‌లో హోరోఫెనువా అనే చిన్న ప్రాంతపు లైబ్రరీ ట్రస్టు కోసం పుట్టింది. వాళ్ల పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం తేదీలని తట్టుకోదని భయపడి, 1999లో కొత్తది రాయించుకుని, 2000 జనవరిలో వాడటం మొదలుపెట్టి, తర్వాత అందరికీ ఇచ్చేశారు. కోహా అంటే మావోరీ భాషలో కానుక. మన ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ వాళ్ల ఈ-గ్రంథాలయ కూడా ఉంది. ఈ రెంటిలో ఒకదాన్ని నిలబెట్టి, రెండు వేల పుస్తకాలూ తప్పుల్లేకుండా ఎక్కించి, లైబ్రేరియన్ గారికి నేర్పి రండి. మీ గైడ్ "ఇందులో మీరు రాసిన కోడ్ ఏది?" అంటే, కనపడని అక్షరం తీసేసే ప్రోగ్రామ్ చూపించండి.

ప్రశ్న: మాది సీనియర్ సిటిజన్ల సంఘం. రెండేళ్ల క్రితం కాలేజీ పిల్లలు వచ్చి సభ్యుల వివరాలు, చందాలు అన్నీ వెబ్‌సైట్‌లో పెట్టి ఇచ్చారు. చాలా బాగుండేది. ఇప్పుడు తెరుచుకోవడం లేదు. పాస్‌వర్డ్ పిల్లల్లో ఒకరి దగ్గర ఉందట, ఆ అబ్బాయి ఇప్పుడు అమెరికాలో ఉన్నాడు. ఏం చేయాలి?
కార్యదర్శి, హనుమకొండ

జవాబు: కార్యదర్శి గారూ, ఆ అబ్బాయికి మంచిగా ఒక మెసేజ్ పెట్టండి. వాళ్లకి రాత్రయ్యేసరికి జవాబొస్తుంది, పిల్లలు చెడ్డవాళ్లేం కాదు. పాస్‌వర్డ్ ఒక్కటే అడగకండి. మూడు అడగండి: డేటాబేస్ బ్యాకప్ ఫైలు, వెబ్‌సైట్ పేరు ఎవరి ఈమెయిల్ మీద కొన్నారు, అది ఎప్పటిదాకా కట్టి ఉంది. చాలాసార్లు పోయేది పాస్‌వర్డ్ కాదు. మొదటి ఏడాది ఎవరో కట్టిన డబ్బు అయిపోయి ఉంటుంది, రెన్యువల్ చేయమన్న మెయిల్ ఆ పిల్లాడి పాత కాలేజీ ఐడీకి వెళ్లి ఉంటుంది.

ఆలోగా మీ రసీదు పుస్తకాల కార్బన్ కాపీలు పారేయకండి. చందాల లెక్క వాటిలోంచి మళ్లీ రాబట్టొచ్చు.

మళ్లీ పిల్లలు వస్తే, రానివ్వండి, కానీ మొదటి రోజే సంఘం పేరున ఒక ఈమెయిల్ తెరిపించండి. వెబ్‌సైట్ పేరు, ఖాతాలు అన్నీ దాని మీదే కొనాలి. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి కవర్లో పెట్టి మీ మినిట్స్ పుస్తకం ఉండే బీరువాలో పెట్టండి. నెలకోసారి సభ్యుల జాబితా మొత్తం మామూలు ఎక్సెల్ ఫైలుగా దింపుకునే బటన్ ఒకటి అడగండి, ఒక ప్రింటు తీసి ఫైల్ చేయండి. ఆ బటన్ పెట్టడం పిల్లలకి పూట పని. అడగరు కాబట్టి పెట్టరు.

ఇంకొకటి. మీ ఉత్తరంలో "చాలా బాగుండేది" అని రాశారు. ఏది బాగుండేదో ఆ పిల్లలకి కూడా ఒకసారి రాయండి. అమెరికాలో ఉన్నవాడు చదువుకుని సంతోషిస్తాడు, బ్యాకప్ కూడా త్వరగా పంపుతాడు.

ప్రశ్న: మేడమ్, మేమింకా ఏమీ మొదలుపెట్టలేదు. మొదటి రివ్యూ ఎల్లుండే. క్లయింట్ కూడా లేరు. రెడీమేడ్ ప్రాజెక్ట్ కొనుక్కోవచ్చా?
పేరు వద్దు, హైదరాబాద్

జవాబు: అమీర్‌పేటలో దొరుకుతాయని నాకూ తెలుసు. రివ్యూలో నేను వేసే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఈ టేబుల్‌లో మొదటి వరసలో ఉన్న మనిషి ఎవరు?" కొన్న ప్రాజెక్టుల్లో ఆ మనిషి పేరు ఏబీసీ, ఊరు ఎక్స్‌వైజెడ్, ఫోన్ నంబరు పది తొమ్మిదులు. పిల్లలు నేలచూపులు చూసేవాళ్లు.

రేపు ఒక రోజంతా ఉంది. మీ వీధి చివర ఇస్త్రీ బండి ఉంటుంది. పొద్దున ఏడింటికి వెళ్లి, ఆయన్ని అడిగి, ఒక గంట పక్కన నిలబడండి. యాభై ఇళ్ల బట్టలు ఒకదాంట్లో ఒకటి కలవకుండా ఎలా గుర్తుపెట్టుకుంటాడో చూడండి. మూటకి వేసే ముడి, లోపల పెట్టే చీటీ, బాకీ ఉన్న ఇల్లు, "సాయంత్రానికి కావాలి" అన్న ఇల్లు. ఎన్ని బట్టలు ఇచ్చారో ఇంటావిడకీ ఆయనకీ లెక్క తేడా వస్తే ఏం చేస్తారో అడగండి. అదంతా రెండు పేజీలు రాసుకుని రివ్యూకి వెళ్లండి. కోడ్ ఏదంటే ఇంకా మొదలుపెట్టలేదని నిజం చెప్పండి.

బొగ్గులు రాజేసే టైములో మాత్రం పలకరించకండి. టీ డబ్బులు మీరే ఇవ్వండి.